బరంపురం వైపు తిప్పిన యాంటెన్నాకి డిజిటల్ సిగ్నల్ వస్తుందా?

మర్రిపాలెం మేడ · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే, కథ కొంచెం పెద్దది.

మాది ఇచ్ఛాపురం. ఊరు దాటితే ఒడిశా. నేను విశాఖలో స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. పోయిన నెల ఊళ్లో ఇల్లు అమ్మేసి నాన్నగారిని ఇక్కడికి తెచ్చుకున్నాను. సామాన్ల లారీలో ఆయన పట్టుబట్టి ఎక్కించినవి రెండే: అమ్మ రుబ్బురోలు, డాబా మీది టీవీ యాంటెన్నా. కేబుల్ వచ్చిన దగ్గర్నుంచీ దాని మీద కాకులు తప్ప ఎవరూ వాలింది లేదు. అయినా ఇరవై అడుగుల ఇనుప గొట్టంతో సహా మోసుకొచ్చాం.

ఆ గొట్టం అడుగున రెండు నూనెరంగు గీతలున్నాయి. ఎర్రది పిట్టగోడకి కొట్టిన మేకుకి ఎదురుగా వచ్చేలా తిప్పితే బరంపురం. ఒడియా ప్రోగ్రాం అద్దంలా వచ్చేది. నీలం గీత తిప్పితే తెలుగు, సగం బొమ్మ, సగం చీమలు. బరంపురం మాకు పాతిక కిలోమీటర్లే, తెలుగు మాత్రం ఎక్కడో దూరాన్నుంచి రావాలి. ఆదివారం సాయంత్రం సినిమా వేళకి నాన్న పైకెక్కి గొట్టం తిప్పడం, నేను కింద కిటికీలోంచి 'వచ్చింది... వచ్చింది... పోయింది!' అని అరవడం. నా చిన్నతనమంతా అదే.

ఇప్పుడు సంగతేంటంటే, కొత్త టీవీ అట్టపెట్టె మీద డీవీబీ-టీ2 అని ఉంది, అంటే గాలిలో వచ్చే డిజిటల్ టీవీని అందుకునే పద్ధతట. నాన్న అది చదివి 'అన్నీ డిజిటల్ అయ్యాయి కదా, గాలిలో వచ్చేదీ అయ్యే ఉంటుంది, యాంటెన్నా ఎత్తు' అన్నారు. ఎత్తాను. ఆటో స్కాన్ ఇరవై నిమిషాలు తిరిగి సున్నా ఛానళ్లు చూపించింది. అనలాగ్ స్కాన్‌లో ఒట్టి చీమలు. కైలాసగిరి వైపు తిప్పాను, సింహాచలం కొండ వైపు తిప్పాను, ఆఖరికి సముద్రం వైపు కూడా తిప్పాను.

నా టీవీలో లోపమా, యాంటెన్నాలో లోపమా, అసలు గాలిలోనే ఏమీ లేదా?

---

75 ఓమ్ · శనివారం, ఉదయం 8:05

గొట్టానికి రంగు గీతలు! మీ నాన్నగారికి దండం. మా షాపుకొచ్చేవాళ్లలో సగం మందికి యాంటెన్నా ఎటు చూడాలో కూడా తెలిసేది కాదు. చేప ముల్లులా ఉండే దాంట్లో పొట్టి కడ్డీలు ముందుకి ఉండాలి, వెనకాల పొడుగ్గా ఉండేది అద్దంలాంటిది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆన్‌లైన్‌లో 'డిజిటల్ యాంటెన్నా' అని రెండు వేలకి అమ్ముతున్నారు, కొనకండి. అల్యూమినియం కడ్డీకి అనలాగ్, డిజిటల్ తేడా తెలీదు. దానికి తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే. కడ్డీలు మీ చేతి బారంత ఉంటే కింది బ్యాండ్‌వి, జానా రెండు జానలుంటే పై బ్యాండ్ యూహెచ్ఎఫ్‌వి. కొలిచి చెప్పండి.

ఇంకోటి, మీది చపటా రిబ్బన్ వైరా, గుండ్రటి వైరా? రిబ్బనైతే అది 300 ఓములు, కొత్త టీవీ సాకెట్ 75. మధ్యలో రెంటినీ జత కుదిర్చే అగ్గిపెట్టె అంత బాలన్ పెట్టకపోతే సిగ్నల్ ఉన్నా కొంత వృథాగా పోతుంది.

---

మర్రిపాలెం మేడ · శనివారం, ఉదయం 8:31

రిబ్బనే అన్నా. ఎండకి పెళుసైపోయి ముట్టుకుంటే విరిగింది, కొత్త గుండ్రటి వైరు వేశా. బాలన్ కూడా పెట్టా. కడ్డీలు జానా పైనే, బారకి తక్కువ.

---

రిటైర్డ్ ట్రాన్స్‌మిటర్ · శనివారం, ఉదయం 9:20

బాబూ, మీ టీవీ బాగుంది, యాంటెన్నా బాగుంది. గాలే ఖాళీగా ఉంది.

నేను ప్రసార రంగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి విడతలుగా ఆపేసింది. 2021 అక్టోబర్ 31కి 152, డిసెంబర్ 31కి 109, 2022 మార్చి 31కి 151, ఇదీ ప్రకటించిన లెక్క. ఏడాదికి దాదాపు 100 కోట్ల రూపాయలు మిగులుతాయన్నారు. ఇళ్లలో చూసేవాళ్లు ఎటూ కేబుల్‌కో డిష్‌కో వెళ్లిపోయారు, ట్రాన్స్‌మిటర్ మాత్రం ఎవరూ చూడని బొమ్మకి రాత్రీపగలూ కరెంటు తాగుతూ కూర్చుంది. ఒక్కటి మాత్రం చూడండి, దాదాపు 50 ట్రాన్స్‌మిటర్లను వ్యూహాత్మక ప్రాంతాలని చెప్పి ఉంచేశారు. దేశ సరిహద్దు దగ్గర గాలిని ఖాళీగా వదిలేస్తే పక్కవాడి బొమ్మ వచ్చి కూర్చుంటుంది కదా. రాష్ట్రాల సరిహద్దుకి ఆ భయం లేదు, అందుకే ఇచ్ఛాపురాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మరి డిజిటల్ మాటేమిటంటారా? 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో డీవీబీ-టీ2 మొదలైంది. ఫోన్‌కి డాంగిల్ పెట్టుకుని కూడా చూడొచ్చన్నారు. ఆ 16లో కటక్ ఉంది, రాంచీ ఉంది, రాయ్‌పూర్ ఉంది. విశాఖ లేదు.

---

మధురవాడ కోడర్ · శనివారం, ఉదయం 9:42

కటక్ ఉండి వైజాగ్ లేదా? మనకి ఎప్పుడూ ఇంతే.

---

రైల్వే క్వార్టర్స్ · శనివారం, ఉదయం 10:15

కోడర్ తమ్ముడూ, కటక్ అనగానే అంత ఉలుకెందుకు. నాది కటక్ పక్క ఊరే. ఉద్యోగం రైల్వేలో, ముప్ఫై ఏళ్లుగా వైజాగ్‌లోనే ఉన్నా. తెలుగు రాయడం మా ఆవిడ నేర్పింది, తప్పులుంటే ఆమెదే బాధ్యత.

సరిహద్దు అంటే ఇచ్ఛాపురం దగ్గరే ఉంటుందనుకోకండి. మా క్వార్టర్స్‌లో ప్రతి వరండాకీ ఒకటి ఉంది. అనలాగ్ కేబుల్ రోజుల్లో మా కేబులబ్బాయికి కాలనీ అంతా కలిసి వెళ్లి 'బాబూ, ఒడియా ఛానల్ ఒకటి వెయ్యి' అంటే, మర్నాటికి ఏదో భక్తి ఛానల్ తీసేసి ఆ నంబర్లో వేసేవాడు. ఎవరికీ ఫారం లేదు, ప్యాకేజీ లేదు. రథయాత్ర రోజున తెలుగువాళ్లు కూడా మా ఇంటికొచ్చి చూసేవారు.

2013 మార్చి 31 గడువుతో మన ఊళ్లో సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. ఆ వేసవిలో ఒడియా ఛానల్ మాయమైంది. అడిగితే 'ఆంధ్రా ప్యాక్‌లో లేదు సార్' అన్నాడు. గొట్టం తిప్పితే వచ్చేది ఉంటే తిప్పుకునేవాణ్ణి, ప్యాక్ ఎటు తిప్పాలి?

---

పాత కేబులోడు · శనివారం, ఉదయం 10:58

అన్నగారూ, ఆ కేబులబ్బాయిని నేను కాదుగానీ అలాంటివాణ్ణే. గాజువాక వైపు నాలుగు వందల కనెక్షన్లు ఉండేవి. మా వైపు మాట కూడా వినండి.

అనలాగ్‌లో కంట్రోల్ రూమంటే ఏంటి? ఒక చిన్న గది, మేడ మీద నాలుగైదు పెద్ద డిష్‌లు, బొమ్మని కేబుల్‌లోకి ఎక్కించడానికి ఛానల్‌కో మాడ్యులేటర్. ఒక్కో మాడ్యులేటర్ ఇటుక అంత ఉంటుంది, వేడికి దాని మీద ఇడ్లీ ఉడుకుతుంది. ఛానల్ మార్చాలంటే ఒక రిసీవర్‌లో ఫ్రీక్వెన్సీ మార్చి, మాడ్యులేటర్‌కి గుచ్చితే అయిపోయింది. ఊరంతటికీ మారిపోతుంది. వీధి కోరితే వీధి ఛానల్. పెళ్లి క్యాసెట్ కూడా వేశాం.

2011లో కేబుల్ అంతా డిజిటల్ కావాల్సిందేనని చట్టానికి సవరణ వచ్చింది. మొదటి దశలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. రెండో దశ జనాభా పది లక్షలు దాటిన 38 నగరాలు, అందులో మన విశాఖ, హైదరాబాద్. అప్పట్నుంచీ సిగ్నల్ పైన ఎమ్మెస్వో, అంటే మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ, దగ్గర తాళం వేసుకుని వస్తుంది, బాక్సులో కార్డు తెరుస్తుంది. మా చేతిలో వైరు, వసూలు పుస్తకం, తిట్లు మిగిలాయి. ఒడియా ఛానల్ వెయ్యమని మేమూ పైకి అడిగాం. 'మీ ఏరియాలో ఎంతమంది?' అన్నారు. నాలుగు వందల్లో ముప్ఫై ఇళ్లు. ఫోన్ పెట్టేశారు.

2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్‌తో కావాల్సిన ఛానల్ విడిగా తీసుకోవచ్చు కదా, అప్పుడు వచ్చుండాలే?

---

రైల్వే క్వార్టర్స్ · శనివారం, ఉదయం 11:20

వచ్చింది. నెలకి కనెక్షన్‌కే 130 రూపాయలు, జీఎస్టీ, దానిపైన ఛానల్ ధర. వచ్చేసరికి మా అమ్మ లేదు.

---

పాతపట్నం వంతెన · శనివారం, మధ్యాహ్నం 1:10

భోంచేసి వచ్చి ఇదంతా చదివాను. మాది పాతపట్నం, మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. మేనత్త వాళ్లది ఆవలి ఒడ్డు. తెలుగువాళ్లే, ఒడిశాలో ఉంటారు, ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా.

యాంటెన్నాల కాలంలో రెండు ఇళ్లలోనూ ఒకే బొమ్మ, ఒకే చీమలు. మా అత్త శుక్రవారం చిత్రలహరి చూసి శనివారం సంతలో మా అమ్మతో పాటల గురించి మాట్లాడేది. డిష్‌లొచ్చాక గొడవ లేదు, డబ్బు కడితే ఏ భాషైనా వస్తుంది. మధ్యలో డిజిటల్ కేబుల్ పెట్టిన రోజుల్లోనే తకరారు. మన వైపు బాక్సు ఆంధ్రా జాబితాతో, అటువైపు బాక్సు ఒడిశా జాబితాతో. మా మావయ్య ఏం చేశాడో తెలుసా? మా ఇంటి పేరు మీద ఒక బాక్సు తీసుకుని సంచిలో వేసుకుని వంతెన దాటించాడు. కేబుల్ వైరే వేరైతే ఆ బాక్సు ఏం పలుకుతుంది? బొమ్మ రాలేదు. ఇప్పటికీ మేనత్త దాని మీద పూలకుండీ పెట్టుకుంటుంది.

---

డండాక్ డైరీ · శనివారం, సాయంత్రం 5:35

వంతెనన్నా, మీ మావయ్యకి ఐర్లండ్‌లో ఒక అన్నయ్య ఉన్నాడు!

మాది ఎంవీపీ కాలనీ. 2010 నుంచి నాలుగేళ్లు డండాక్‌లో ఉన్నాను. ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఉత్తర సరిహద్దు పట్నం. కారెక్కి ఇరవై నిమిషాలు పోతే న్యూరీ, అది యూకే. మా ఇంటి ఓనరు డెబ్బై ఏళ్ల పెద్దాయన. పొగగొట్టానికి రెండు యాంటెన్నాలు, ఒకటి ఇవతలి కొండకి, ఒకటి బెల్‌ఫాస్ట్ వైపుకి. ఆర్టీఈ ఇక్కడి ప్రభుత్వ టీవీ, బీబీసీ అక్కడిది, రెండిటికీ నెల చందా లేదు. దశాబ్దాలుగా అలా పక్కింటి బొమ్మ చూస్తూ బతికిన ఊరది. రంగు గీతలు మాత్రం లేవు, ఆయన ఏకంగా రెండు కొనేశాడు.

2012 అక్టోబర్ 24న అనలాగ్ ఆగిపోతుందని ఊరంతా కరపత్రాలు. విశేషమేంటంటే, సరిహద్దుకి రెండు వైపులా ఒకే రోజు ఆపారు. ఒక వైపు ముందు ఆపి రెండో వైపు ఆపకపోతే, ఆగనివాడి అనలాగ్ అవతలివాడి కొత్త డిజిటల్‌కి అడ్డొస్తుంది. అందుకని కూర్చుని మాట్లాడుకున్నారు.

మా పెద్దాయన ఏం చేశాడంటే, న్యూరీలో చవకని ఒక ఫ్రీవ్యూ బాక్సు, అంటే యూకే డిజిటల్ ప్రసారాలు అందుకునేది, కొనుక్కొచ్చాడు. బీబీసీ భేషుగ్గా వచ్చింది. ఆర్టీఈ నొక్కితే ఛానల్ పేరు పడుతుంది, తెర నల్లగా ఉంటుంది. సాయంత్రం నన్ను పిలిచాడు, 'నువ్వు కంప్యూటర్లవాడివి కదా' అని. కాసేపు గెలికితే తేలింది. యూకే ఫ్రీవ్యూ మామూలు ఛానళ్లు బొమ్మని ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి పంపుతాయి, ఐర్లండ్ డిజిటల్ సర్వీసు సోర్‌వ్యూ ఎంపెగ్-4లో. న్యూరీ చవక బాక్సుకి ఎంపెగ్-4 రాదు. సిగ్నల్ వచ్చి వాకిట్లో నిలబడింది, బాక్సుకి ఆ భాష అర్థం కాదు. ఆయన తన దేశపు ఛానల్ తన ఇంట్లో చూడలేక, పక్క దేశపు ఛానల్ చూస్తూ మూడు రోజులు గడిపాడు.

అటువైపు వాళ్లకి ఇంకా కష్టం. ఉత్తర ఐర్లండ్‌లో ఆర్టీఈ కోసం, గేలిక్ ఫుట్‌బాల్ కోసం తహతహలాడే ఇళ్లు బోలెడు. పాత బాక్సులన్నీ దీని ముందు మూగవే. 1998 శాంతి ఒప్పందంలోనే ఐరిష్ భాషా ఛానల్ ఉత్తరాన కూడా బాగా అందేలా చూడాలని రాసుకున్నారు, తుపాకుల సంగతి మాట్లాడుకున్న కాగితంలోనే టీవీ సంగతి కూడా. అందుకని డిజిటల్‌కి మారినప్పుడు ఆర్టీఈ వన్, టూ, ఆ ఐరిష్ భాషా ఛానల్ టీజీ4, మూడింటినీ ఉత్తరాన ప్రత్యేకంగా ఒక మల్టీప్లెక్స్‌లో, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద కట్టగా, వేశారు. అది మళ్లీ డీవీబీ-టీ2! అంటే హెచ్‌డీ బాక్సు ఉన్నవాళ్లకే. ఏ ఇంటికి ఏ బాక్సు కావాలో చెప్పడానికి దుకాణంలో కుర్రాడికి పావుగంట పట్టేది.

---

మధురవాడ కోడర్ · శనివారం, సాయంత్రం 6:02

శాంతి ఒప్పందంలో టీవీ ఛానలా! మనవాళ్లు రాష్ట్రం విడగొట్టినప్పుడు ఇలాంటివి ఏమైనా రాసుకున్నారా?

---

నిర్వాహకుడు · శనివారం, సాయంత్రం 6:10

రాష్ట్ర విభజన చర్చకి వేరే చోటుంది. ఇక్కడ యాంటెన్నా దాటొద్దు. పోయినసారి అలాగే మొదలై సమోసా ధరల దగ్గర తేలింది.

---

రిటైర్డ్ ట్రాన్స్‌మిటర్ · శనివారం, రాత్రి 8:45

డండాక్ బాబు చెప్పింది చాలా ముఖ్యం. దానికి కింద ఉన్న సంగతి చెబుతాను, మా వృత్తిలో అందమైన కిటుకు ఒకటుంది.

సరిహద్దు దగ్గర రెండు స్టేషన్లు ఒకే ఛానల్ మీద ఉంటే అనలాగ్ టీవీలో అడ్డంగా నల్లచారలు పడతాయి, వెదురు తడకలోంచి చూసినట్టు. మన పద్ధతిలో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు, అంటే సెకనుకి 15,625 గీతలు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 10.4 కిలోహెర్ట్జ్ మేర ఒక స్టేషన్‌ని పక్కకి జరిపితే చారలు సన్నబడి కంటికి ఆనవు. ఏడు మెగాహెర్ట్జ్ ఛానల్‌లో అది ఆవగింజంత. ఇద్దరు పొరుగువాళ్లు గోడ దగ్గర ఆవగింజంత సర్దుకుంటే ఇద్దరి ఇళ్లలోనూ బొమ్మ బాగుంటుందన్నమాట.

డిజిటల్‌కి ఆ సర్దుబాటు పనికిరాదు. సిగ్నల్ ఒక గీతకి పైన ఉంటే అద్దంలాంటి బొమ్మ, ఆ గీతకి కొంచెం కింద ఉంటే నల్లతెర. మధ్యలో ముక్కలు ముక్కలు. చీమల బొమ్మ అనేదే ఉండదు.

అందుకే మర్రిపాలెం బాబు అడిగిన ప్రశ్నకి నా జవాబు కొంచెం నిష్ఠూరంగా ఉంటుంది. మీరింకా ఇచ్ఛాపురంలోనే ఉండి, రేపు బరంపురంలోనూ తెలుగు వైపు స్టేషన్‌లోనూ డిజిటల్ పెట్టారే అనుకుందాం. మీ నాన్నగారి ఎర్రగీతకి అద్దంలాంటి బొమ్మ వస్తుంది. నీలం గీతకి ఏమీ రాదు. సగం చీమల్లో మీరు చూసిన ఆదివారం సినిమా డిజిటల్‌లో లేనే లేదు.

---

మర్రిపాలెం మేడ · శనివారం, రాత్రి 9:12

గురువుగారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'అయితే నీలంగీత నేను ఉట్టినే వెయ్యలేదన్నమాట' అన్నారు. ఏమనుకున్నారో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

---

విండ్సర్ ఒడ్డు · ఆదివారం, ఉదయం 6:50

మా అన్నయ్య వైజాగ్ నుంచి ఈ చర్చ పంపాడు. నేను కెనడాలో విండ్సర్‌లో ఉంటాను, నది అవతల డెట్రాయిట్. వంటింటి కిటికీలోంచి అమెరికా కనిపిస్తుంది.

ఐర్లండ్‌లో ఒకే రోజు ఆపారన్నారు కదా, ఇక్కడ అలా జరగలేదు. అమెరికా 2009 జూన్ 12న ఆపింది. మొదట ఫిబ్రవరి 17 అన్నారు, జనం సిద్ధంగా లేరని జరిపారు. కెనడా 2011 ఆగస్ట్ 31 దాకా ఆగింది. మధ్యలో రెండేళ్లు మా వీధిలో విచిత్రం: పాత టీవీల్లో విండ్సర్ ఛానల్ వస్తుంది, అన్నాళ్లూ చూసిన డెట్రాయిట్ ఛానళ్లు ఒక్క రాత్రిలో చీమలైపోయాయి. అమెరికా ప్రభుత్వం ఇంటికి రెండు కూపన్లు, ఒక్కోటి 40 డాలర్లు, కన్వర్టర్ బాక్సు కొనుక్కోమని ఇచ్చింది. బొమ్మ నది దాటి వచ్చేది గానీ కూపన్ దాటదు కదా. మా పక్కింటి ముసలావిడ బంధువుల చేత డెట్రాయిట్‌లో కొనిపించుకుంది. రెండు దేశాలదీ ఒకే ప్రమాణం కాబట్టి ఆ బాక్సు పనిచేసింది. పాతపట్నం మావయ్యగారి కన్నా అదృష్టవంతురాలు.

ఖాళీ అయిన ఫ్రీక్వెన్సీలను అమెరికావాళ్లు 2008లోనే ఫోన్ కంపెనీలకి వేలం వేసేశారు, సుమారు 1,900 కోట్ల డాలర్లు. తేదీ జరపమంటే అంత గింజుకున్నది అందుకేనేమో.

మెక్సికోలో ఇంకా తమాషా. అక్కడ అన్నిటికన్నా ముందు ఆపింది అమెరికా సరిహద్దు ఊరు తిహువానాలోనే, 2013 మేలో. ఆపిన కొద్ది రోజులకే మళ్లీ పెట్టారు. ఎందుకంటే జూలైలో ఎన్నికలు! టీవీ లేని ఓటరు ఊరుకుంటాడా. ఎన్నికలయ్యాక జూలై 18న మళ్లీ ఆపారు.

---

పాత కేబులోడు · ఆదివారం, ఉదయం 7:30

ఎన్నికలప్పుడు కేబుల్ పోతే మా ఇంటి ముందుకి ఎంతమంది వచ్చేవారో ఆ మెక్సికో వాళ్లని అడగమనండి, చెప్తా.

---

భీమిలి బీటెక్ · ఆదివారం, ఉదయం 9:05

అందరూ యాంటెన్నాని తలుచుకుని కళ్లు తుడుచుకుంటున్నారు గానీ, నాకు ఒకటి అర్థం కావట్లేదు. ఫోన్‌లో అన్నీ వస్తుంటే గాలిలో టీవీ ఎందుకు? ఆ స్పెక్ట్రం ఫోన్లకిచ్చేస్తే పోలా?

---

75 ఓమ్ · ఆదివారం, ఉదయం 9:40

తమ్ముడూ, 2014 అక్టోబర్ 12న నువ్వు ఏ క్లాసులో ఉన్నావో గానీ, హుద్‌హుద్ రోజున నేను డాబాగార్డెన్స్‌లో ఉన్నాను. సెల్ టవర్లు వంగిపోయాయి, కేబుల్ వైర్లు చెట్ల కింద, డిష్‌లు పక్క వీధిలో. మా ఇంట్లో పలికింది ఒక్క ట్రాన్సిస్టర్ రేడియో. రెండు సెల్లులు, ఒక తీగ. నా షాపులో ఆ వారం రేడియోలు అయిపోయాయి. పదేళ్లుగా అమ్ముడుపోని మాల్ అది.

గాలిలో ప్రసారం అంటే అదీ. ఒక టవర్ నిలబడితే చాలు, కింద ఎన్ని లక్షల మంది చూసినా దానికి బరువు తెలీదు. ఫోన్ అలా కాదు, అందరూ ఒకేసారి చూస్తే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది.

---

రిటైర్డ్ ట్రాన్స్‌మిటర్ · ఆదివారం, ఉదయం 10:10

75 ఓమ్ గారితో ఏకీభవిస్తాను, ఒక చిన్న సవరణతో. టవర్ నిలబడాలి, దానికి కరెంటూ ఉండాలి, డీజిల్ మోసుకుని ఎవరో కొండెక్కాలి. కొండ మీద ట్రాన్స్‌మిటర్ దగ్గర తుఫాను రాత్రి గడిపినవాళ్లకి తెలుస్తుంది ఆ మోత.

సరే, మర్రిపాలెం బాబుకి పనికొచ్చే మాట. నాన్నగారు నెలనెలా డబ్బు కట్టకుండా దూరదర్శన్ చూడాలంటే ఇప్పుడున్న దారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్ నుంచి ఉంది, అప్పట్లో డీడీ డైరెక్ట్ ప్లస్ అనేవారు. ఒక్కసారి డిష్, బాక్సు కొనుక్కుంటే చాలు, చందా ఉండదు. సప్తగిరి వస్తుంది, డీడీ ఒడియా కూడా వస్తుంది. డండాక్ కథ గుర్తుపెట్టుకుని బాక్సు ఎంపెగ్-4దే అడగండి. ఎంపెగ్-2 బాక్సు చవకని ఇస్తారు, అందులో కొన్ని ఛానళ్లు రావు.

ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన ఊరు 83.3. కాబట్టి డిష్ దక్షిణానికి సుమారు 30 డిగ్రీలు తూర్పుగా, సముద్రం వైపు చూడాలి. ఆకాశంలో బాగా ఎత్తున ఉంటుంది, 66 డిగ్రీల దాకా. డిష్ మాత్రం మరీ అంత వెల్లకిలా కనబడదు, ఆఫ్‌సెట్ డిష్, అంటే కాస్త నిటారుగా నిలబడే రకం, కాబట్టి. చూసి కంగారు పడకండి.

---

మర్రిపాలెం మేడ · తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:25

ఆలస్యమైంది, క్షమించండి. అయ్యింది.

డిష్ బిగించడానికొచ్చిన కుర్రాడు పిట్టగోడకి కొడతానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు, పాత గొట్టానికే బిగించమన్నారు. ఇరవై అడుగులు ఊగుతుంది, సిగ్నల్ నిలవదని ఆ కుర్రాడు. చివరికి గొట్టాన్ని నాలుగడుగులకి కోశాం. పై ముక్క, యాంటెన్నా మెట్ల కింద ఉన్నాయి. గీతలున్న ముక్క నిలబడింది.

కుర్రాడు ఫోన్ పట్టుకుని డిష్‌ని గోరంత గోరంత జరుపుతున్నాడు. నాన్న ఎనభై ఏళ్ల వయసులో మేడెక్కి గొట్టం పట్టుకున్నారు. నేను కింద కిటికీ దగ్గర. సిగ్నల్ క్వాలిటీ సున్నా, సున్నా, సున్నా, ఒక్కసారిగా 68. 'వచ్చింది!' అని అరిచాను. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూశారు.

సప్తగిరి వచ్చింది. తర్వాత ఒడియా పెట్టాను. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని ఒడియా వార్తలు పూర్తిగా విన్నారు. ఆయనకి ఒడియా బాగా వచ్చని నాకు ఈ వయసులో తెలిసింది. బరంపురం బట్టల షాపులో ఆరేళ్లు గుమాస్తాగా చేశారట.

రైల్వే క్వార్టర్స్ గారూ, రథయాత్రకి మా ఇంటికి రండి, ఆవిణ్ణి కూడా తీసుకురండి. నాన్న అడగమన్నారు.

---

రైల్వే క్వార్టర్స్ · తర్వాతి ఆదివారం, రాత్రి 7:02

తప్పకుండా వస్తాం. మా ఆవిడ పోడపిఠా చేసుకొస్తానంటోంది. అడ్రసు మెసేజ్‌లో పెట్టండి.

---

75 ఓమ్ · తర్వాతి ఆదివారం, రాత్రి 7:15

ఇంతకీ గొట్టం మీద మూడో గీత పడిందా లేదా?

---

మర్రిపాలెం మేడ · తర్వాతి ఆదివారం, రాత్రి 7:19

పొద్దున్నే పడింది. ఆకుపచ్చ. గేటుకి వేసిన పెయింటు కొంచెం మిగిలితే దాంతో వేశారు. డిష్‌ని నట్లతో బిగించేశాక ఇంక తిప్పే పనేముంది నాన్నా అంటే, 'గాలివాన రాదేటి?' అన్నారు.